తొలగిపోయిన ఫైళ్లను తిరిగి రప్పించే సాఫ్ట్‌వేర్‌ను ఎంతవరకు విశ్వసించవచ్చు?

(పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం సమాచార వ్యాసం)

ప్రభుత్వ కార్యాలయాలలోను, పత్రికా కార్యాలయాలలోను కాగితపు దస్త్రాల స్థానంలోకి కంప్యూటర్ ఫైళ్లు వచ్చి చాలాకాలమైంది. పింఛనుదారుల జాబితాలు, టెండరు పత్రాలు, కోర్టు వ్యవహారాలకు సంబంధించిన జవాబు ప్రతులు, తుపానులు, వరదల వేళ తీసిన ఛాయాచిత్రాలు, రికార్డు చేసిన ఇంటర్వ్యూలు నేడు హార్డ్ డిస్కులలోనే భద్రపడుతున్నాయి. ఒక ఫోల్డరు పొరపాటున తొలగిపోయినా, డిస్కు హఠాత్తుగా తెరుచుకోకపోయినా ఆ నష్టం కార్యాలయం గోడలు దాటి, జాబితాలో పేరున్న లబ్ధిదారు వరకు చేరుతుంది. అటువంటి సమయంలో సిబ్బంది ముందుగా ఆశ్రయించేది ఇంటర్నెట్‌లో లభించే డేటా రికవరీ సాఫ్ట్‌వేర్‌ను. పోయిన ప్రతి ఫైలూ తిరిగి వస్తుందని హామీ ఇచ్చే ప్రకటనలకు కొదవ లేదు. ఆ హామీలలో నిజమెంతో తెలుసుకోవడం అవసరం.

క్లుప్తంగా చెప్పాలంటే, డిస్కు యంత్రపరంగా సక్రమంగా ఉండి, తొలగిపోయిన ఫైలు ఉన్న చోట మరొకటి వ్రాయబడకుండా ఉన్నప్పుడు మంచి సాఫ్ట్‌వేర్ విశ్వసనీయంగానే పనిచేస్తుంది. ఈ రెండు షరతులలో ఏ ఒక్కటి లోపించినా ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా ఆదుకోలేదు. ఫైలు పోయినట్లు గుర్తించిన తొలి నిమిషాలలో మనం ఏమి చేశామన్న దానిపైనే ఫలితం అధికంగా ఆధారపడి ఉంటుంది. తిరిగి వచ్చిన ఫైలును సరిచూడనిదే అధికారిక రికార్డుగా స్వీకరించరాదు.

తొలగించినప్పుడు ఏమి జరుగుతుంది?

రికార్డు గదిలోని ఇండెక్స్ రిజిస్టరును దృష్టాంతంగా తీసుకోవచ్చు. ఒక దస్త్రం ఏ బీరువాలో, ఏ అరలో, ఎన్నవ కట్టలో ఉన్నదీ రిజిస్టరులో నమోదై ఉంటుంది. ఆ నమోదును కొట్టివేసినంత మాత్రాన కట్ట అరలోనుండి మాయమైపోదు. అయితే ఆ అర ఖాళీగా ఉన్నట్లు భావించి గుమస్తా మరొక కట్టను అక్కడ పెట్టేందుకు పాత కట్టను తీసివేస్తే, ఇక అది లభించదు. హార్డ్ డిస్కులోనూ ఇదే జరుగుతుంది. ఫైలును తొలగించినప్పుడు కంప్యూటర్ దాని సూచీలోని నమోదును మాత్రమే మారుస్తుంది. అసలు సమాచారం డిస్కు మీద యథాస్థానంలోనే ఉండి, ఆ స్థలం కొత్త ఫైలు వ్రాయడానికి అందుబాటులో ఉన్నట్లు గుర్తు మాత్రం పడుతుంది.

ఈ సూచీ పద్ధతులు అన్నింటా ఒకే విధంగా ఉండవు. పాత కంప్యూటర్లలోను, నేటికీ అనేక పెన్‌డ్రైవ్‌లలోను, మెమరీ కార్డులలోను వాడే ఫ్యాట్ పద్ధతిలో ఫైలు తొలగినప్పుడు దాని పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఒక ప్రత్యేక సంకేతం చేరుతుంది. ఫైలు ముక్కలు ఏయే చోట్ల ఉన్నవో చెప్పే గొలుసు చెరిగిపోతుంది. మొదటి ముక్క ఎక్కడ ఉన్నదీ, ఫైలు పరిమాణం ఎంతన్నదీ మాత్రం మిగులుతాయి. అందువల్ల ఒకేచోట వరుసగా వ్రాయబడిన ఫైలు సులభంగా తిరిగి వస్తుంది. ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల పడిన ఫైలు చెడిపోయి వస్తుంది. విండోస్ కంప్యూటర్లలో వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫైలు ముక్కల వివరాలు తొలగింపు తరువాత కూడా, ఆ నమోదును మరొక ఫైలుకు కేటాయించేవరకు, చాలావరకు నిలిచి ఉంటాయి. కనుక అక్కడ అవకాశాలు మెరుగు.

సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరు

ఈ రకం సాఫ్ట్‌వేర్ కొత్తదేమీ కాదు. పీటర్ నార్టన్ 1982లో విడుదల చేసిన నార్టన్ యుటిలిటీస్‌లో తొలగిన ఫైలును తిరిగి తెచ్చే సదుపాయం ప్రధాన ఆకర్షణగా నిలిచింది. 1991లో వచ్చిన ఎంఎస్-డాస్ 5.0లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఇటువంటి ఆదేశాన్ని స్వయంగా చేర్చింది. అదే సంస్థ 2020లో విండోస్ 10 కోసం విండోస్ ఫైల్ రికవరీ అనే ఉచిత సాధనాన్ని విడుదల చేసింది. రికువా, ఫోటోరెక్, టెస్ట్‌డిస్క్ వంటివి కూడా విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. చివరి రెండింటినీ క్రిస్టోఫ్ గ్రెనియే రూపొందించారు. వాటి మూల సంకేతం ఎవరైనా పరిశీలించడానికి వీలుగా బహిరంగంగా లభిస్తుంది.

వీటిలో రెండు విధానాలు కనిపిస్తాయి. మొదటిది, సూచీలో మిగిలిన నమోదులను చదివి ఫైలును పేరుతో, తేదీతో, ఫోల్డరుతో సహా తిరిగి తేవడం. రెండవది, సూచీని పక్కనబెట్టి డిస్కును మొదటినుండి చివరివరకు వెదకి, ఒక్కొక్క రకం ఫైలు ప్రారంభంలో ఉండే గుర్తులను బట్టి ఫైళ్లను వెలికితీయడం. ఛాయాచిత్రాల ఫైలుకు ఒక ప్రారంభ గుర్తు, పీడీఎఫ్ పత్రానికి మరొకటి ఉంటాయి. ఈ రెండవ విధానంలో సూచీ పూర్తిగా చెడిపోయినా ఫైళ్లు లభిస్తాయి గాని, వాటి అసలు పేర్లు, ఫోల్డర్ల అమరిక రావు. వేలాది ఫైళ్లు వరుస సంఖ్యలతో బయటపడతాయి. వాటిలో ఏది ఏదో గుర్తించే శ్రమ సిబ్బందిదే.

కెమెరాలో ఛాయాచిత్రాలు తరచు ఒకదాని వెంట ఒకటిగా వరుసగా వ్రాయబడతాయి. అందువల్ల కార్డునుండి తొలగిన ఛాయాచిత్రాలు తిరిగి రావడానికి అవకాశం ఎక్కువ. నిత్యం మార్పులు జరిగే లెక్కల ఫైళ్లు, డేటాబేసులు, సుదీర్ఘమైన వీడియోలు ముక్కలుగా పడి ఉండే అవకాశం ఉన్నందున అవి సంపూర్ణంగా రావడం కష్టం.

సాఫ్ట్‌వేర్ ఆదుకోలేని సందర్భాలు

ఒకటి: పాత సమాచారం మీద కొత్త సమాచారం వ్రాయబడినప్పుడు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2006లో వెలువరించిన మార్గదర్శకాలు, 2001 తరువాత తయారైన 15 జీబీకి మించిన హార్డ్ డిస్కులను ఒక్కసారి పూర్తిగా తిరగవ్రాస్తే ప్రయోగశాలలో సైతం పాత సమాచారం లభించదని పేర్కొన్నాయి. విండోస్ విస్టానుండి సంపూర్ణ ఫార్మాట్ చేసినప్పుడు డిస్కు అంతటా సున్నాలు వ్రాయబడతాయి. త్వరిత ఫార్మాట్ మాత్రం ప్రధానంగా సూచీనే మారుస్తుంది. కాబట్టి ఫార్మాట్ అయిందని విన్నప్పుడు అది ఏ రకమో ముందుగా విచారించవలసి ఉంటుంది.

రెండు: సాలిడ్ స్టేట్ డ్రైవ్‌లు, అనగా ఎస్‌ఎస్‌డీలు. వీటిలో తిరిగే పళ్లెం ఉండదు. ఫైలు తొలగించగానే కంప్యూటర్ ట్రిమ్ అనే ఆదేశం ద్వారా ఆ స్థలం ఇక అవసరం లేదని డ్రైవ్‌కు తెలుపుతుంది. ఆ తరువాత డ్రైవ్ స్వయంగా ఆ సమాచారాన్ని చెరిపివేస్తుంది. 2009లో వచ్చిన విండోస్ 7నుండి ఈ సదుపాయం అమలులో ఉంది. పాత హార్డ్ డిస్కుల అనుభవంతో ఎస్‌ఎస్‌డీలోని ఫైలు కూడా వస్తుందని ఆశించడం తగదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో అధికభాగం ఎస్‌ఎస్‌డీలతోనే వస్తున్నందున ఈ అంశం ముఖ్యం.

మూడు: ఎన్‌క్రిప్షన్. బిట్‌లాకర్ వంటి రక్షణ ఉన్న డిస్కుకు 48 అంకెల రికవరీ కీ గాని, తెరిచే వేరే మార్గం గాని లేకపోతే సాఫ్ట్‌వేర్‌కు కనిపించేది అర్థంలేని సంకేతాలే. కీని కార్యాలయంలో విడిగా భద్రపరచడం ఆయా అధికారుల బాధ్యత.

నాలుగు: యాంత్రిక వైఫల్యం. హార్డ్ డిస్కులో చదివే తల, నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్లేనికి అతి సమీపంలో, నానోమీటర్లలో లెక్కించే ఎత్తున సంచరిస్తుంది. డిస్కునుండి టిక్కుటిక్కుమనే శబ్దం గాని, గీసుకుంటున్న ధ్వని గాని వినిపిస్తే దానిపై సాఫ్ట్‌వేర్ నడపడం నష్టాన్ని పెంచడమే అవుతుంది. డిస్కును ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పి చూడడం వంటి చిట్కాలు ప్రమాదకరం. వరద నీటిలో తడిసిన డిస్కును ఆరబెట్టి ఆన్ చేసి చూడరాదు. ఇవి ధూళి రహిత గది ఉన్న ప్రయోగశాలకు అప్పగించవలసిన సందర్భాలు.

కొలంబియా డిస్కు చెప్పే పాఠం

2003 ఫిబ్రవరి 1న అమెరికా వ్యోమనౌక కొలంబియా భూవాతావరణంలోకి ప్రవేశిస్తూ విచ్ఛిన్నమైంది. భారత సంతతికి చెందిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ఆ నౌకలో జినాన్ వాయువు స్నిగ్ధతపై జరిగిన ప్రయోగ ఫలితాలలో కొంత భాగం మాత్రమే అప్పటికి భూమికి చేరింది. మిగిలినది నౌకలోని ఒక హార్డ్ డిస్కులో ఉండిపోయింది. కొన్ని నెలల తరువాత ఎండిన సరస్సు గర్భంలో లభించిన ఆ డిస్కు బయటి భాగాలు కరిగిపోయాయి. లోపలికి ధూళి చేరింది. అయినప్పటికీ క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ ఇంజనీర్లు పళ్లేలను శుభ్రపరచి, కొత్తగా కూర్చిన డ్రైవ్‌లో అమర్చి సుమారు 99 శాతం సమాచారాన్ని వెలికితీశారు. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో ఫిజికల్ రివ్యూ ఇ అనే శాస్త్ర పత్రికలో ప్రచురితమయ్యాయి.

ఈ ఉదంతాన్ని రికవరీ ప్రకటనలకు ఊతంగా వాడుకోవడం తేలిక. అయితే పూర్తి వివరాలు గమనార్హం. ప్రమాద సమయంలో పళ్లేలు తిరగడం లేదు కనుక వంగిపోలేదు. ఆ కంప్యూటర్ డాస్‌పై నడిచేది గనుక సమాచారం డిస్కు అంతటా చెల్లాచెదురు కాకుండా ఒకచోటనే ఉన్నది. అదే నౌకకు చెందిన మరి రెండు డ్రైవ్‌లనుండి ఏమీ రాబట్టలేకపోయారు. ఆ డిస్కు ముందుగా నిపుణుల చేతిలో బాగుపడిన తరువాతనే దానిలోని సమాచారాన్ని చదవడం సాధ్యమైంది. ఒకే సంస్థ, ఒకే నైపుణ్యం ఉన్నా, ఒక డిస్కు దాదాపు సంపూర్ణంగా రావడానికి, మరి రెండు రాకపోవడానికి డిస్కుల స్థితిలోని భేదమే కారణం.

సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు గమనించదగినవి

మొదటి పరీక్ష: అది నష్టపోయిన డిస్కుపై ఏమైనా వ్రాస్తుందా? నమ్మదగిన సాధనం ఆ డిస్కును కేవలం చదువుతుంది. ఫలితాన్ని వేరొక డిస్కులో భద్రపరుస్తుంది. మైక్రోసాఫ్ట్ సాధనంలో మూలం, గమ్యం వేర్వేరు డ్రైవ్‌లుగా ఉండాలన్న నిబంధన ఇందుకే ఉన్నది. అక్కడికక్కడే మరమ్మతు చేస్తామనే సాధనాలను డిస్కు యొక్క ప్రతిపై తప్ప అసలుపై వాడరాదు.

రెండవ పరీక్ష: ఏమి దొరికిందో ముందుగా తెరిచి చూపుతుందా? ఫైళ్ల పేర్ల జాబితా చూపి సొమ్ము కోరే సాఫ్ట్‌వేర్‌లు అనేకం. పేరు కనిపించినంత మాత్రాన ఫైలులోని సమాచారం ఉన్నట్లు కాదు. పేరు సూచీనుండి వస్తుంది; సమాచారం వేరొక చోటనుండి రావాలి. ఛాయాచిత్రం బొమ్మగా, పత్రం పుటలుగా కనిపించిన తరువాతనే చెల్లింపు గురించి ఆలోచించవలెను.

మూడవ పరీక్ష: అది ఎక్కడనుండి వచ్చింది? 2020లో ఒక రాన్సమ్‌వేర్ బాధితులకు ఫైళ్లను విడిపించే సాధనమంటూ వ్యాపించిన నకిలీ ప్రోగ్రామ్ వాస్తవానికి జోరాబ్ అనే మరొక రాన్సమ్‌వేర్. అది అప్పటికే బందీ అయిన ఫైళ్లను రెండవసారి బందీ చేసింది. అధికారిక వెబ్‌సైటునుండి కాక ఇతరత్రా లభించే ఉచిత పూర్తి ప్రతులను, లైసెన్సు తాళం విరిచిన ప్రతులను కార్యాలయ కంప్యూటర్లలో వాడరాదు. ఆపదలో ఉన్నవారి తొందరపాటే ఇటువంటి మోసాలకు పెట్టుబడి.

ధర విశ్వసనీయతకు కొలమానం కాదు. ఉచిత సాధనాలలో ఉత్తమమైనవి ఉన్నాయి. ఖరీదైనవాటిలో సామాన్యమైనవీ ఉన్నాయి. నిస్ట్ సంస్థ కంప్యూటర్ ఫోరెన్సిక్ సాధనాల పరీక్షా కార్యక్రమం ద్వారా తొలగిన ఫైళ్లను తిరిగి తెచ్చే పలు సాధనాలను ముందుగా సిద్ధం చేసిన డిస్కులపై పరీక్షించి నివేదికలను బహిరంగపరచింది. తయారీదారు ప్రకటనల కంటే ఇటువంటి స్వతంత్ర నివేదికలు ఆధారపడదగినవి.

వచ్చిన ఫైలు అసలు ఫైలేనా?

అధికారులు, పాత్రికేయులు ప్రత్యేకంగా దృష్టి సారించవలసిన అంశమిది. సాఫ్ట్‌వేర్ ఒక ఫైలులోని కొంత భాగానికి మరొక ఫైలు ముక్కను జతచేసి, అంతా సవ్యంగా ఉన్నట్లు చూపే అవకాశం ఉంది. తెరుచుకోని ఫైలు వల్ల పెద్ద ప్రమాదం లేదు, ఎందుకంటే అది చెడిపోయిందని వెంటనే తెలుస్తుంది. సవ్యంగా తెరుచుకుని, లోపల కొన్ని వరుసలు లోపించిన జాబితాతోనే అసలు ప్రమాదం. అటువంటి జాబితా ఆధారంగా పింఛన్లు మంజూరైతే, అర్హుడైన ఒక వృద్ధుని పేరు ఎవరికీ తెలియకుండానే జారిపోవచ్చు. కనుక తిరిగి వచ్చిన జాబితాలోని మొత్తం పేర్ల సంఖ్యను, మొత్తం సొమ్మును ముద్రిత ప్రతులతోను, బ్యాంకుకు పంపిన వివరాలతోను సరిపోల్చి, ధ్రువీకరించిన అధికారి సంతకంతో నమోదు చేయడం ఉత్తమం. తిరిగి వచ్చిన ఫైలుపై కనిపించే తేదీలను కూడా ఇతర ఆధారాలు లేనిదే ప్రమాణంగా తీసుకోరాదు.

నేర విచారణకు గాని, కోర్టు వ్యవహారానికి గాని సంబంధించిన డిస్కుపై కార్యాలయ సిబ్బంది ఏ సాఫ్ట్‌వేర్‌నూ నడపరాదు. 2024 జూలై 1నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు జతపరచే ధ్రువపత్రంలో హ్యాష్ విలువను పేర్కొనవలసి ఉంటుంది. హ్యాష్ విలువ అనేది ఫైలు వేలిముద్ర వంటిది. ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. డిస్కును ఒకసారి మామూలుగా ఆన్ చేసినా దానిలో మార్పులు జరుగుతాయి. కాబట్టి అటువంటి డిస్కును సీలు వేసి ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాలకు పంపడమే సరైన మార్గం.

విశ్వసనీయతకు మరొక పార్శ్వం

ఈ సాఫ్ట్‌వేర్ ఆశించిన దానికంటే బాగా పనిచేసే సందర్భం కూడా ఒకటున్నది. పాత కంప్యూటర్లను వేలం వేసేటప్పుడు ఫైళ్లను తొలగించి అప్పగిస్తే, కొన్నవారు వాటిని తిరిగి రప్పించగలరు. సిమ్సన్ గార్ఫింకెల్, అభి శెలాట్ అనే పరిశోధకులు అమెరికాలో 158 పాత డిస్కులను కొని పరిశీలించి 2003లో ఫలితాలను ప్రకటించారు. పనిచేసిన 129 డిస్కులలో 12 మాత్రమే సక్రమంగా శుభ్రపరచి ఉన్నాయి. మిగిలిన వాటిలో క్రెడిట్ కార్డు నంబర్లు వేల సంఖ్యలో లభించాయి. మన కార్యాలయాల డిస్కులలో పౌరుల ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు, పాత్రికేయుల డిస్కులలో వార్తా మూలాల పేర్లు ఉంటాయి. వేలానికి ముందు హార్డ్ డిస్కును పూర్తిగా తిరగవ్రాయడం గాని, ధ్వంసం చేయడం గాని తప్పనిసరి. ఎస్‌ఎస్‌డీలకు తయారీదారు సూచించిన ప్రత్యేక చెరిపివేత ఆదేశాన్ని వాడవలెను. డిస్కును మరమ్మతుకు బయటి వ్యక్తులకు ఇచ్చేటప్పుడు కూడా రాతపూర్వక గోప్యతా హామీ తీసుకోవడం మేలు.

ఫైలు పోయిన వెంటనే చేయవలసినవి

1. ముందుగా రీసైకిల్ బిన్, ఇ-మెయిల్ జోడింపులు, సహోద్యోగుల కంప్యూటర్లు, పెన్‌డ్రైవ్‌లు, బ్యాకప్ ప్రతులు వేరొక కంప్యూటర్‌నుండి వెదకవలెను.

2. నష్టపోయిన డిస్కు వాడకాన్ని వెంటనే నిలిపివేయవలెను. ఇంటర్నెట్ చూడడం, కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించడం కూడా డిస్కుపై కొత్త వ్రాతకు కారణమవుతాయి. కెమెరా కార్డు అయితే దానితో మరొక్క చిత్రమైనా తీయరాదు.

3. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్కులోకి డౌన్‌లోడ్ చేయరాదు. పోయిన ఫైలు ఉన్న చోటనే ఆ సాఫ్ట్‌వేర్ వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది.

4. డిస్కును విడదీసి, మరొక కంప్యూటర్‌కు జతచేసి, సంపూర్ణ ప్రతిని తీసి, ఆ ప్రతిపైనే ప్రయత్నాలు చేయవలెను. కొన్ని చోట్ల చదవలేని డిస్కులకు జీఎన్‌యూ డీడీరెస్క్యూ వంటి ఉచిత సాధనం ఉపయోగపడుతుంది. అది ముందుగా సవ్యంగా ఉన్న భాగాలను నకలు తీసి, చెడిన భాగాలను చివరకు ప్రయత్నిస్తుంది.

5. అసాధారణ శబ్దం, తడి, కాలిన వాసన ఉంటే విద్యుత్తు తొలగించి ప్రయోగశాలను ఆశ్రయించవలెను.

6. జరిగినదంతా తేదీ, సమయంతో కాగితంపై నమోదు చేయవలెను.

ముందు జాగ్రత్తే శరణ్యం

డిస్కు చెడిపోయే ముందు హెచ్చరిక వస్తుందని అనేకులు భావిస్తారు. గూగుల్ సంస్థ లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో వెలువరించిన అధ్యయనంలో, విఫలమైన డిస్కులలో 36 శాతానికి పైగా ఉష్ణోగ్రత మినహా ఎటువంటి ముందస్తు హెచ్చరిక సంకేతాన్నీ ఇవ్వలేదని తేలింది. అందువల్ల మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, కనీసం ఒకటి వేరొక ప్రదేశంలో ఉంచడమనే 3-2-1 సూత్రం సర్వత్రా ఆమోదం పొందింది.

ప్రతి తీసి ఉంచినంత మాత్రాన బాధ్యత తీరదు. 1998లో పిక్సర్ సంస్థ నిర్మిస్తున్న టాయ్ స్టోరీ 2 చిత్రం ఫైళ్లు ఒక పొరపాటు ఆదేశంతో తొలగిపోయాయి. బ్యాకప్ వ్యవస్థ సక్రమంగా పనిచేయడం లేదని అప్పుడు గాని తెలియలేదు. ఇంటివద్ద పనిచేసేందుకు చిత్ర సాంకేతిక పర్యవేక్షకురాలు గాలిన్ సుస్మన్ దగ్గర ఉంచుకున్న ప్రతి ఆ చిత్రాన్ని కాపాడింది. నెలకొకసారి ఏదైనా ఒక ఫైలును బ్యాకప్‌నుండి తెరిచి చూస్తే చాలు, ఆ వ్యవస్థ పనిచేస్తున్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

రికవరీ సాఫ్ట్‌వేర్‌ను ఆసుపత్రిలోని అత్యవసర విభాగంతో పోల్చవచ్చు. అది ఉండడం అవసరం, సకాలంలో చేరితే మేలు చేస్తుంది; దానిపై భరోసాతో ఆరోగ్యాన్ని నిర్లక్ష్యం చేయరాదు. కార్యాలయాధిపతులు తమ పరిధిలోని ముఖ్య రికార్డుల బ్యాకప్ చివరిసారి ఎప్పుడు తీశారో, దానిని ఎప్పుడు పరీక్షించారో సిబ్బందిని అడిగి తెలుసుకోవలసినదిగా కోరడమైనది. ప్రజా ప్రయోజనం దృష్ట్యా ఈ సమాచారాన్ని పాఠకులకు చేరవేయవలసినదిగా పాత్రికేయులకు విజ్ఞప్తి.